భూమ్మీద నూకలుంటే బతుకుతాడా? విధి ఎంతవరకు, ప్రయత్నం ఎంతవరకు

పాము కరిచిన మనిషి చుట్టూ చేరినవాళ్లలో ఎవరో ఒకరు ఈ మాట అంటారు: “భూమ్మీద నూకలుంటే బతుకుతాడు, లేకపోతే ఎక్కడికి తీసుకుపోయినా పోతాడు.” ధైర్యం చెప్పడానికే అంటారు. కానీ ఆ ఒక్క మాటలో రెండు వేర్వేరు వాదాలు కలగలిసి ఉన్నాయి. వాటిని విడదీయనంతవరకు విధి గురించి, స్వేచ్ఛ గురించి ఎంత వాదించుకున్నా ఒక కొలిక్కి రాదు.

మొదటి వాదం: జరిగే ప్రతిదానికీ కారణాలుంటాయి, ఆ కారణాలన్నీ కూడితే ఫలితం వచ్చి తీరుతుంది. దీన్ని కార్యకారణ వాదం అందాం. రెండోది: మనం ఏం చేసినా, చేయకపోయినా ఫలితం మారదు. ఇది అసలైన విధివాదం. చాలామంది మొదటిదాన్ని ఒప్పుకోగానే రెండోది కూడా ఒప్పుకున్నట్టే అనుకుంటారు. నిజానికి మొదటిది సరైనదైతే రెండోది నిలవదు. ఎందుకంటే మనం చేసే పని కూడా ఆ కారణాల్లో ఒకటి. దాన్ని తీసేస్తే ఫలితం మారాలి కదా!

పాము కాటునే దగ్గరగా చూద్దాం. మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసేవి నాలుగు పాములు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. కాటు దగ్గర నొప్పి, వాపు పెద్దగా ఉండవు కాబట్టి చాలామందికి కరిచిందని కూడా తెలియదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కళ్ల రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలవుతాయి. ఆ తర్వాత ఊపిరి తీసే కండరాలు పడిపోతాయి. రక్తపింజర దారి వేరు, దాని విషం రక్తానికి గడ్డకట్టే గుణాన్ని పోగొడుతుంది. ఆసుపత్రిలో దీన్ని పట్టుకునే పరీక్షకు పెద్ద యంత్రం అక్కర్లేదు. 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఆ తర్వాత గొట్టాన్ని వంచి చూస్తారు. రక్తం ఇంకా జారుతోందంటే విషం పనిచేస్తున్నట్టే. అప్పుడు సాధారణంగా 8 నుంచి 10 సీసాల విరుగుడు మందుతో చికిత్స మొదలుపెడతారు. ఆ మందు ఈ నాలుగు పాముల విషాలకూ కలిపి తయారుచేసిందే. కట్లపాము కాటులో ఊపిరి ఆగిపోతున్నా, వెంటిలేటర్ మీద పెట్టి నిలబెట్టగలిగితే మనిషి లేచి ఇంటికి నడిచి వెళ్లే అవకాశం బాగా ఉంటుంది.

ఈ గొలుసులో “నూకలు” ఎక్కడున్నాయి? కరిచింది ఏ పాము, ఎంత విషం దిగింది, ఊరికీ ఆసుపత్రికీ ఎంత దూరం అన్నవి మన చేతిలో లేవు. కాలు కదపకుండా కర్రకట్టు కట్టడం, గట్టిగా తాడు బిగించకపోవడం, గాటు పెట్టకపోవడం, మంత్రం వేసేవాళ్ల దగ్గర రెండు గంటలు పోగొట్టకుండా 108కి ఫోన్ చేయడం మన చేతిలో ఉన్నాయి. మంత్రం పనిచేసినట్టు కనిపించడానికీ కారణం ఉంది. కరిచే పాముల్లో చాలావాటికి విషం ఉండదు, విషమున్న పాము కూడా కొన్నిసార్లు విషం దించకుండానే కరుస్తుంది. ఆ మనుషులు ఏం చేసినా బతుకుతారు. వాళ్లను చూసి “చూశావా, నూకలున్నాయి” అంటారు. అదే ఊళ్లో మరొకడికి అవే రెండు గంటలు ప్రాణం తీస్తాయి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏటా సగటున 58,000 మంది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల జాబితాలో తెలంగాణతో కలిపిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

ఈ చిక్కును గ్రీకులు రెండు వేల ఏళ్ల కిందటే పట్టుకున్నారు. “నువ్వు కోలుకోవాలని రాసి ఉంటే వైద్యుణ్ణి పిలిచినా పిలవకపోయినా కోలుకుంటావు. కోలుకోకూడదని రాసి ఉంటే పిలిచినా కోలుకోవు. కాబట్టి పిలవడం దండగ” అనే తర్కానికి వాళ్లు సోమరి వాదం అని పేరు పెట్టారు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దపు స్టోయిక్ తాత్త్వికుడు క్రిసిప్పస్ విధిని గట్టిగా నమ్మినవాడు. అయినా ఈ వాదాన్ని ఆయనే పడగొట్టాడు. కోలుకోవడం విధి అయితే వైద్యుణ్ణి పిలవడం కూడా ఆ విధిలో భాగమే, రెండూ కలిసే రాసి ఉంటాయి, ఒకదాన్ని తీసేసి రెండోది ఉంచలేవు అన్నాడు. విధిని నమ్మాలా వద్దా అన్నది తర్వాత సంగతి. నమ్మినా చేతులు కట్టుకుని కూర్చోవడానికి మాత్రం ఆధారం దొరకదు.

చరకుడు చెప్పిన ఇరుసు

మన సంప్రదాయం మొత్తం తలరాతనే నమ్మిందని అనుకునేవాళ్లు ఆయుర్వేద గ్రంథం చరక సంహితలో విమానస్థానం అనే భాగంలో మూడో అధ్యాయం ఒకసారి తిరగేయాలి. అది అంటురోగాల గురించిన అధ్యాయం. ఒక్కో మనిషి ఒంటి తత్త్వం ఒక్కో రకమైనప్పుడు ఒకే రోగంతో ఊళ్లకు ఊళ్లు ఎలా తుడిచిపెట్టుకుపోతున్నాయి అన్న ప్రశ్నతో మొదలవుతుంది. గాలి, నీరు, నేల, కాలం అందరికీ ఉమ్మడి కాబట్టి అవి చెడితే అందరూ పడతారు అని గురువు ఆత్రేయుడు జవాబు చెబుతాడు. అప్పుడు శిష్యుడు అగ్నివేశుడు సూటిగా అడుగుతాడు: అసలు అందరి ఆయుష్షూ ముందే నిర్ణయమై ఉందా, లేదా?

ఆయుష్షు దైవం, పురుషకారం అనే రెండింటి కలయిక మీద ఆధారపడి ఉంటుందని ఆత్రేయుడి సమాధానం. వెనకటి జన్మలో తాను చేసుకున్నది దైవం, ఈ జన్మలో చేస్తున్నది పురుషకారం. రెండూ బలంగా ఉంటే దీర్ఘమైన, సుఖమైన జీవితం. రెండూ బలహీనమైతే దానికి విరుద్ధం. దైవం బలహీనంగా ఉంటే బలమైన ప్రయత్నం దాన్ని కొట్టేస్తుంది, దైవం బలంగా ఉంటే ప్రయత్నాన్ని అది కొట్టేస్తుంది. కొన్ని కర్మలు ఫలానా కాలానికే ఫలిస్తాయి, కొన్నింటికి కాల నియమం లేదు, కారణం దొరికితే మేలుకుంటాయి.

ఆ తర్వాత వచ్చే వాదనే ఈ అధ్యాయానికి ప్రాణం. ఆయుష్షు అందరికీ ముందే కొలిచి పెట్టి ఉంటే, బతకాలనుకునేవాళ్లకు మందులెందుకు, హోమాలెందుకు, ఉపవాసాలెందుకు? పొగరెక్కిన ఏనుగులకు, దున్నలకు ఎందుకు పక్కకు తప్పుకోవాలి? విషసర్పాలకు, పెద్ద మంటలకు, ఉధృతమైన ప్రవాహాలకు, రాజు కోపానికి ఎందుకు భయపడాలి? యుద్ధానికి వెళ్లినవాళ్లూ వెళ్లనివాళ్లూ, రోగం పుట్టగానే మందు పుచ్చుకున్నవాళ్లూ పుచ్చుకోనివాళ్లూ సమానంగా బతకడం లేదని కళ్లతో చూస్తున్నాం కదా అంటాడు ఆత్రేయుడు. హోమాలనూ మందులనూ ఒకే వరుసలో పెట్టాడు కాబట్టి ఇది నాస్తికుడి వాదన అని తోసిపుచ్చడానికి వీల్లేదు. పరిహారాలను నమ్మేవాడు కూడా విధివాదిగా ఉండలేడు అన్నది ఇందులో ఉన్న పదును.

అగ్నివేశుడు ఇంకా వదలడు. అలాగైతే కాలమృత్యువు, అకాలమృత్యువు అన్న తేడా ఏమిటి అంటాడు. దానికి ఆత్రేయుడు బండి ఇరుసును చూపిస్తాడు. మంచి చేవ ఉన్న కర్రతో చేసిన ఇరుసు, సరిగా నడుపుకుంటే, తన బలం పూర్తిగా అరిగిపోయాక విరుగుతుంది. అది కాలమృత్యువు. అదే ఇరుసు బరువు ఎక్కువైనా, దారి ఎగుడుదిగుడుగా ఉన్నా, దారే లేని చోట తోలినా, చక్రం విరిగినా, ఎడ్లది గానీ తోలేవాడిది గానీ తప్పున్నా, శీల ఊడిపోయినా, కందెన వేయకపోయినా, బండి తిరగబడినా మధ్యలోనే విరుగుతుంది. అది అకాలమృత్యువు. శక్తికి మించిన పనులు, జీర్ణశక్తికి తగని తిండి, వేళతప్పిన భోజనం, మలమూత్రాల వంటి ఆపుకోకూడని వేగాలను ఆపుకోవడం, దెబ్బలు, జ్వరాదులకు తప్పుడు చికిత్స అన్నవి శరీరం అనే ఇరుసును మధ్యలో విరిచేవి.

ఇరుసు ఏ చెట్టు కర్రతో వచ్చిందో దాని చేతిలో లేదు. కందెన వేయడం తోలేవాడి పని. దారి బాగుచేయడం ఆ ఇద్దరిదీ కాదు, ఊరి పని. ఈ మూడో సంగతి మనం సాధారణంగా మర్చిపోతాం.

కర్మ సిద్ధాంతం విధివాదమేనా?

కాదనే చెప్పాలి, కానీ ఎందుకు కాదో తెలుసుకోవాలి. వేదాంతంలో కర్మను మూడుగా చెబుతారు. కూడబెట్టుకున్నది సంచితం. అందులో ఫలించడం మొదలుపెట్టింది ప్రారబ్ధం. ఇప్పుడు చేస్తూ రాబోయే కాలానికి జమవేస్తున్నది ఆగామి. “నా ప్రారబ్ధం” అని నిట్టూర్చేటప్పుడు మనం మొదటి రెండింటినే తలుస్తాం. ఆగామి అనే గది ఖాళీగా ఉండదని మర్చిపోతాం. మనిషికి కొత్త పని చేసే శక్తే లేకపోతే కర్మ అనే లెక్క ఎక్కడా మొదలే కాదు. యోగవాసిష్ఠంలో ముముక్షు ప్రకరణం ఇంకా ఘాటుగా ఉంటుంది. నిన్నటి ప్రయత్నానికే దైవమని పేరు, అంతకు మించి దైవమంటూ వేరే ఏదీ లేదు, ఇవాళ్టి ప్రయత్నం బలమైనదైతే నిన్నటిదాన్ని గెలుస్తుంది అని వసిష్ఠుడు రాముడికి చెబుతాడు. భగవద్గీత 18వ అధ్యాయం 14వ శ్లోకం ఏ పనికైనా అయిదు కారణాలు లెక్కపెట్టింది: ఆశ్రయమైన శరీరం, కర్త, రకరకాల సాధనాలు, వేర్వేరు చేష్టలు, అయిదోది దైవం. దైవాన్ని వదల్లేదు, అలాగని అదే అంతా అనలేదు.

మన నేల మీద అసలైన విధివాదులు వేరే ఉన్నారు. బుద్ధుడి కాలపు మక్ఖలి గోసాలుడు, ఆయన్ని అనుసరించిన ఆజీవకులు. బౌద్ధ గ్రంథాలు చెప్పినదాని ప్రకారం ఆయన మతంలో మూర్ఖుడైనా పండితుడైనా 84 లక్షల మహాకల్పాలు తిరిగి తీరాలి. శీలం వల్ల గానీ తపస్సు వల్ల గానీ అది ఒక్క రోజు తగ్గదు, పెరగదు. ఆజీవకులకు అశోకుడు బిహార్‌లోని బరాబర్ కొండల్లో గుహలు దానం చేశాడు. అంత ఆదరణ పొందిన మతం అది. దానిమీద బుద్ధుడి విమర్శ చాలా కఠినంగా ఉంటుంది. సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లే అన్నా, దేవుడి సృష్టి వల్లే అన్నా, ఏ కారణమూ లేకుండానే అన్నా, ఆ మూడు దారులూ మనిషిని ఏమీ చేయకుండా కూర్చోబెట్టే దగ్గరికే వస్తాయని ఆయన అభ్యంతరం.

బౌద్ధ గ్రంథం సంయుత్త నికాయంలో సీవకుడు అనే పరివ్రాజకుడు (ఇల్లు వదిలి తిరిగే సన్యాసి) బుద్ధుణ్ణి ఇదే అడుగుతాడు: మనం అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనా? బుద్ధుడు ఎనిమిది కారణాలు చెబుతాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలిసినది, రుతువుల మార్పు, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, బయటి నుంచి తగిలిన దెబ్బ, ఎనిమిదోది కర్మఫలం. వరుసలో అది చివర ఉంది. ఒకరి బాధ చూసి “ఏ జన్మలో ఏం పాపం చేశారో” అనే ముందు ఇంకా ఏడు కారణాలు వెతకాలన్నమాట. వితంతువుకు, అంగవైకల్యంతో పుట్టిన బిడ్డ తల్లికి, తరతరాలుగా ఊరి చివర బతకమన్న మనుషులకు మన సమాజం ఆ ఏడూ దాటేసి ఎనిమిదోది చేతిలో పెట్టింది. ఈ విషయంలో విధి అనే మాట చేసినంత హాని మరెక్కడా చేయలేదు.

జాతకాల సంగతి

జ్యోతిషులు కూడా దీన్ని గమనించినవాళ్లే. దృఢ కర్మ, అదృఢ కర్మ, దృఢాదృఢ కర్మ అని మూడు రకాలు చెప్పి, మొదటిదానికి శాంతి పనిచేయదు, మిగిలినవాటికి పనిచేస్తుంది అంటారు. ఆలోచనగా ఇది చరకుడి మాటకు దగ్గరిదే. చిక్కల్లా ఏది ఏ రకమో ముందుగా ఎవరూ తేల్చలేకపోవడంలో ఉంది. శాంతి ఫలిస్తే అదృఢం, ఫలించకపోతే దృఢం అని జరిగాక చెప్పే మాట ఎప్పటికీ తప్పు కాదు. ఎప్పటికీ తప్పు కాలేని మాట మనకు ఏ కొత్త సంగతీ చెప్పదు.

పరీక్ష పెట్టి చూసినవాళ్లూ ఉన్నారు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ బృందం మహారాష్ట్రలో 200 మంది పిల్లల జాతకాలు సేకరించింది. వాళ్లలో 100 మంది చదువులో బాగా చురుకైనవాళ్లు, 100 మంది బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లు. ఒక్కో జ్యోతిషుడికి 40 జాతకాలిచ్చి ఏది ఏ కోవకు చెందిందో చెప్పమన్నారు. 27 మంది సమాధానాలు పంపారు. సగటున సరిపోయినవి 46 శాతం. నాణెం ఎగరేసి చెబితే 50 శాతం వస్తుంది. ఫలితాలు 2009లో కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చాయి. పుట్టిన క్షణంలోనే జీవితం రాసి ఉందా అన్న పెద్ద ప్రశ్నను ఈ పరీక్ష తేల్చలేదు. రాసి ఉన్నా, ఆ రాత జాతకంలో చదవగలిగేలా లేదని మాత్రం చూపించింది.

రాత చదవడం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. అమెరికాలో 4,242 కుటుంబాల పిల్లల గురించి, పుట్టినప్పటి నుంచి 9 ఏళ్ల వయసు వరకు సేకరించిన వివరాలు దాదాపు 13,000 రకాలున్నాయి. వాటిని 160 పరిశోధక బృందాలకు ఇచ్చి, 15 ఏళ్ల వయసుకు ఆ పిల్లల మార్కులు ఎలా ఉంటాయి, ఇంట్లో డబ్బుకు ఎంత ఇబ్బంది ఉంటుంది, ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుందా, పెంచేవారి ఉద్యోగం పోతుందా లాంటి ఆరు సంగతులు ముందే చెప్పమన్నారు. కొత్త తరహా మెషీన్ లెర్నింగ్ పద్ధతులన్నీ వాడారు. 2020లో వచ్చిన ఫలితం: అందరిలో మంచి అంచనాలు కూడా బలహీనమే, నాలుగే వివరాలు వాడిన మామూలు లెక్క కన్నా పెద్దగా మెరుగు కాలేదు. పేదరికం లాంటివి సగటు మీద ఎంత భారం వేస్తాయో గణాంకాలు బాగానే చెబుతాయి. ఫలానా పిల్లవాడికి ఏమవుతుందో చెప్పమంటే చతికిలపడతాయి.

మెదడు ముందే నిర్ణయించేస్తుందా?

భౌతికశాస్త్రం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. విశ్వంలోని ప్రతి కణం స్థితినీ, బలాలనీ ఎరిగిన మేధ ఉంటే భవిష్యత్తంతా దానికి తెలిసిపోతుందని 1814లో ఫ్రెంచ్ గణితవేత్త లాప్లాస్ అన్నాడు. తర్వాత క్వాంటం సిద్ధాంతం వచ్చి సూక్ష్మ స్థాయిలో యాదృచ్ఛికత ఉందని చెప్పగానే, “అయితే స్వేచ్ఛ ఉన్నట్టే” అని కొందరు సంబరపడ్డారు. అది తొందరపాటు. నా చేయి కారణం లేకుండా ఒక్కసారిగా లేచిందంటే దాన్ని వణుకు అంటారు, నా నిర్ణయం అనరు.

మెదడు ప్రయోగం మాత్రం నిదానంగా చూడాలి, ఎందుకంటే “స్వేచ్ఛ భ్రమ అని సైన్స్ తేల్చేసింది” అనే మాట ఇక్కడి నుంచే పుట్టింది. 1983లో కాలిఫోర్నియాలో బెంజమిన్ లిబెట్ బృందం చేసింది ఇది. మనిషి తలకు ఎలక్ట్రోడ్లు అతికించి, ఎదురుగా తెర మీద గుండ్రంగా తిరిగే ఒక చుక్కను పెట్టారు. ఆ చుక్క ఒక చుట్టు 2.56 సెకండ్లలో తిరుగుతుంది. నీకు ఎప్పుడు కదపాలనిపిస్తే అప్పుడు చేయి కదుపు, కదపాలని మొదట అనిపించిన క్షణంలో చుక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకుని చెప్పు అన్నారు. అలా 40 సార్లు చేయించి, మెదడు తరంగాల సగటు తీశారు. చేయి కదలడానికి సుమారు 550 మిల్లీసెకండ్ల ముందు మెదడులో సన్నాహం మొదలైనట్టు కనిపించింది. “కదపాలనిపించింది” అని మనిషి చెప్పిన క్షణం మాత్రం 200 మిల్లీసెకండ్ల ముందుది. మెదడు ముందు, మనం తర్వాత అన్నట్టు లెక్క తేలింది.

ఇందులో ఏది పొరపాటు? మొదటిది, చుక్క స్థానాన్ని గుర్తుపెట్టుకుని చెప్పే క్షణం అంత నమ్మదగిన కొలత కాదు. రెండోది ఇంకా లోతైనది. ఈ ప్రయోగంలో చేయి కదిలిన ప్రతిసారీ ఆ క్షణం నుంచి వెనక్కి లెక్కించి సగటు తీశారు. మెదడులో అలాంటి అల లేచి, చేయి కదలకుండా అణగిపోయిన సందర్భాలు లెక్కలోకే రాలేదు. 2012లో ఆరన్ షుర్గర్, సహచరులు దీన్ని వేరే రకంగా వివరించారు. మెదడులో ఎప్పుడూ చిన్న చిన్న ఒడిదుడుకులు ఉంటాయి. చేయి కదపడానికి ప్రత్యేక కారణమేదీ లేనప్పుడు, ఆ ఒడిదుడుకుల్లో ఏదో ఒకటి ఒక హద్దు దాటిన క్షణాన చేయి కదులుతుంది. అలాంటివాటిని వెనక్కి కలిపి సగటు తీస్తే, నిదానంగా పైకెక్కే గీత దానంతటదే వస్తుంది. అంటే 550 మిల్లీసెకండ్ల కిందట నిర్ణయం జరిగిందనడానికి ఆ గీత రుజువు కాదు.

2008లో మరో ప్రయోగంలో, మనిషి కుడి మీట నొక్కుతాడా ఎడమ మీట నొక్కుతాడా అన్నది మెదడు స్కాన్ చూసి 7 నుంచి 10 సెకండ్ల ముందే చెప్పగలిగామన్నారు. పత్రికల్లో పెద్ద వార్త అయింది. వాళ్ల అంచనా సరిపోయింది సుమారు 60 శాతం సార్లు. రెండు మీటల మధ్య గుడ్డిగా చెప్పినా 50 శాతం వస్తుందని గుర్తుంచుకుంటే, ఇది ఒక మొగ్గు మాత్రమేనని తెలుస్తుంది. 2019లో ఉరి మావోజ్ బృందం అసలు ప్రశ్న అడిగింది: ఏ మీట నొక్కినా ఒకటే అయిన పనికీ, బాగా ఆలోచించి తీసుకునే నిర్ణయానికీ తేడా లేదా? ఏ స్వచ్ఛంద సంస్థకు నిజమైన డబ్బు వెళ్లాలో తేల్చమన్నప్పుడు, లిబెట్ చూసిన ఆ సన్నాహ తరంగం దాదాపు కనిపించనే లేదు. ఉద్యోగం మానేయాలా, పెళ్లికి ఒప్పుకోవాలా, అప్పు తీసుకోవాలా అనే నిర్ణయాల గురించి వేలు కదపడాన్ని చూసి తీర్పు చెప్పడం సరికాదు.

ఇది చెబుతూ ఒక మాట ఒప్పుకోవాలి. మన నిర్ణయాలకు మెదడులో కారణాలు లేవని ఎవరూ చూపించలేదు, చూపించరు కూడా. ఉండి తీరతాయి. నేను ఆలోచించి, లాభనష్టాలు తూచి, మనసు మార్చుకున్నానంటే అదంతా నా మెదడులోనే జరిగింది. అది నేను కాకుండా పోదు.

జన్యువుల తలరాత

ఈ తరానికి నుదుటి రాత స్థానంలో జన్యువులు వచ్చాయి. “మా ఇంట్లో అందరికీ షుగరే, మనకు తప్పదు” అనే మాట రోజూ వింటున్నాం. కవలల మీద 50 ఏళ్లలో వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో లెక్కగట్టారు. 17,804 లక్షణాలకు సగటు వారసత్వ పాలు 49 శాతంగా తేలింది. దీన్ని “నీ జీవితంలో సగం జన్యువులు, సగం నువ్వు” అని చదివితే తప్పు. అది ఒక జనాభాలో మనుషుల మధ్య కనిపించే తేడాల లెక్క. ఒక మనిషిలో ఏ భాగం దేని వల్ల వచ్చిందో అది చెప్పదు. పరిస్థితులు మారితే ఆ అంకె కూడా మారుతుంది.

నూటికి నూరుపాళ్లు జన్యులోపమే అయినా తలరాత కానిది ఫెనైల్‌కీటోన్యూరియా. దీన్ని 1934లో నార్వే వైద్యుడు ఫోలింగ్ గుర్తించాడు. ఈ లోపంతో పుట్టిన బిడ్డ శరీరం మాంసకృత్తుల్లో ఉండే ఫెనైల్‌అలనిన్‌ను విరగ్గొట్టలేదు. అది రక్తంలో పేరుకుని మెదడును దెబ్బతీసి, తీవ్రమైన బుద్ధిమాంద్యం తెస్తుంది. పుట్టిన కొద్ది రోజుల్లో మడమ నుంచి ఒక చుక్క రక్తం కాగితం మీద తీసి పరీక్షిస్తే తెలిసిపోతుంది. వెంటనే ఆ పదార్థం బాగా తగ్గించిన ప్రత్యేక పాలపొడి మొదలుపెట్టి, తర్వాత కూడా పాలు, పప్పులు, మాంసం, గుడ్లు కొలత ప్రకారం నియంత్రిస్తే బిడ్డ బుద్ధి దాదాపు మామూలుగానే ఎదుగుతుంది. జన్యువు మారలేదు, ఫలితం మారింది. పరీక్ష నెలలు ఆలస్యమైతే మాత్రం అప్పటికే జరిగిన నష్టం పూర్తిగా వెనక్కి రాదు. ఇరుసుకు కందెన వేసే వేళ కూడా ఒకటుంటుంది.

బాధ్యత ఎంతవరకు?

స్వేచ్ఛ ఉంది లేదా లేదు అని రెండే గళ్లు గీసుకోవడం వల్ల కూడా చిక్కులు వస్తున్నాయి. చట్టం ఆ తప్పు చేయలేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 20వ సెక్షన్ ప్రకారం 7 ఏళ్లలోపు పిల్లలు చేసింది నేరం కాదు. 21వ సెక్షన్ ప్రకారం 7 నుంచి 12 ఏళ్ల మధ్య పిల్లలైతే, తాము చేసినది ఏమిటో, దాని ఫలితమేమిటో తెలిసేంత పరిణతి ఉందా అని చూడాలి. మతిస్థిమితం లేక, చేస్తున్నదేమిటో లేదా అది తప్పని తెలియని స్థితిలో చేసినదాన్ని 22వ సెక్షన్ నేరంగా లెక్కించదు. పాత శిక్షాస్మృతిలో ఇవే 82, 83, 84 సెక్షన్లు. నీ పనికి ముందు కారణాలున్నాయా అని చట్టం అడగదు, అందరి పనులకూ ఉంటాయి. సంగతి అర్థం చేసుకుని, దాన్నిబట్టి నడుచుకునే శక్తి ఆ సమయంలో నీకు ఉందా అని అడుగుతుంది. ఆ శక్తి వయసుతో పెరుగుతుంది, జబ్బుతో తగ్గుతుంది, నిద్రలేమితో, వ్యసనంతో సన్నగిల్లుతుంది. స్వేచ్ఛ గురించి మాట్లాడుకోవడానికి పనికొచ్చే కొలబద్ద ఇదే.

ఇదే చూపుతో మన రోజువారీ పనులనూ చూడొచ్చు. నాకు సంకల్పబలం లేదు, అది నా రాత అని కూర్చునేవాళ్లకు, కారణాలను తమవైపు తిప్పుకునే పద్ధతి ఒకటి మనస్తత్త్వవేత్త పీటర్ గాల్విట్జర్ పరిశోధనల్లో ఉంది. “రోజూ బీపీ మాత్ర వేసుకుంటాను” అని అనుకోవడం వేరు. “పొద్దున పళ్లు తోముకుని బ్రష్ స్టాండ్‌లో పెట్టగానే, పక్కనే ఉన్న మాత్ర వేసుకుంటాను” అని ముందే ముడివేసుకోవడం వేరు. ఇలా ఎప్పుడు, ఎక్కడ, దేని వెంట అని కట్టుకున్న పథకాలపై 94 పరీక్షలను కలిపి 2006లో సమీక్షిస్తే, వట్టి సంకల్పం కన్నా గట్టి తేడానే కనిపించింది. ఇవి విఫలమయ్యే తీరు కూడా తెలిసిందే. గుర్తుగా పెట్టుకున్నది రోజూ ఒకే వేళకు జరగకపోతే ముడి ఊడిపోతుంది. ఒకేసారి అయిదారు ముడులు వేసుకుంటే ఒకదాన్ని ఒకటి తినేస్తాయి. లక్ష్యం మీద అసలు ఇష్టమే లేకపోతే ఏ ముడీ నిలవదు.

ప్రయత్నం గ్యారంటీ ఇవ్వదన్నది కూడా అంతే ముఖ్యం. హెల్మెట్ పెట్టుకున్నవాడు కూడా పోయాడు కదా, ఇక పెట్టుకోవడం ఎందుకు అంటారు. మోటార్‌సైకిల్ ప్రమాదాల్లో హెల్మెట్ చావు ముప్పును సుమారు 42 శాతం, తలకు దెబ్బ తగిలే ముప్పును సుమారు 69 శాతం తగ్గిస్తుందని అధ్యయనాలన్నీ కలిపి చూసిన సమీక్ష తేల్చింది. మిగిలిన ముప్పు మిగిలే ఉంటుంది. దాన్ని దైవం అనండి, యాదృచ్ఛికం అనండి. అన్ని జాగ్రత్తలూ తీసుకుని బిడ్డను పోగొట్టుకున్న తల్లితో “విధి, నీ తప్పేమీ లేదమ్మా” అనడంలో నిజం ఉంది, దయ కూడా ఉంది. జరగకముందు అదే మాట అంటే అందులో ఆ రెండూ ఉండవు.

ఇక ఇరుసు దగ్గర చెప్పుకున్న ఆ మూడో సంగతి, ఊరి పని. వర్షాధారంగా పత్తి వేసే రైతును తీసుకోండి. వాన అతని చేతిలో లేదు. తొలకరి జల్లుకే తొందరపడకుండా, 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిశాక విత్తమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది పాటించడం అతని చేతిలో ఉంది. ముందే విత్తితే మొలక మాడిపోతుంది, రెండోసారి విత్తనాలు కొనాలి. కానీ అమ్మిన విత్తనం నాసిరకమా, బ్యాంకు అప్పు దొరికిందా లేక వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లాల్సి వచ్చిందా, కౌలు రైతుగా అతని పేరు ఏ రికార్డులోనైనా ఉందా, పంట బీమా వేళకు అందిందా, కొనుగోలు కేంద్రం ఎప్పుడు తెరిచారు? ఇవి అతని విధీ కాదు, అతని ప్రయత్న లోపమూ కాదు. ఇతరులు తీసుకున్న, తీసుకోని నిర్ణయాలు. వాటికి మనుషులున్నారు, పదవులున్నాయి, తేదీలున్నాయి. పంట పోయిన ఊళ్లో “అతని రాత అంతే” అనే మాట వినిపించినప్పుడు ముందు అడగాల్సింది ఆ తేదీల గురించే.